పడకలు: మూడు

కుట్టుమిషను గది,
వానలు పట్టిన వారం, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

ఇక్కడ నేనొక్కదాన్నే, క్షేమం. నువ్వూ ఒక్కడివే కాబట్టి అక్కడా అందరూ క్షేమమనే అనుకుంటాను.

ఒరేయ్, కొనేశాను. "ఈ వయసులో నీకు బండేమిటే అక్కా" అని నువ్వు రాయబోయే నాలుగు పేజీలు నాకు ముందే కంఠతా వచ్చు. అందుకే కొన్నాక చెబుతున్నాను. పాత క్యాంపర్ వ్యాను. పదకొండేళ్ళ వయసు, లేత పసుపు రంగు. వెనక తలుపు తీస్తే చిన్న పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, ఒక బుల్లి ఫ్రిజ్, కిటికీల పక్కన పడకలు, మధ్యలో బల్ల. నేను దానికి గూడుబండి అని పేరు పెట్టాను. అమ్మినాయన వంతెనలు కట్టించిన ఇంజనీరు. మోకాళ్ళు అరిగిపోయి అమ్ముకున్నాడు. తాళాలు నా చేతిలో పెట్టి, పిల్లను కాపురానికి పంపుతున్నట్టు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

నలభై ఏళ్ళు ఈ మిషను ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ ప్రయాణాలకు బట్టలు కుట్టాను. ఇక నా వంతు. నీ ఉద్యోగం ఇంకా ఆరు నెలలేగా. నువ్వు కుర్చీ దిగగానే ఇద్దరం బండెక్కుదాం. నాకు నువ్వు, నీకు నేను తప్ప ఎవరున్నారు గనక? దారి తెలియకపోతే పోట్లాడుకుంటూ వెళదాం.

అందాకా దాన్ని ఎక్కడ పెట్టడం? మా వీధిలో సైకిలు ఆపితేనే రభస. ఊరి చివర బండ్లను నెలల తరబడి దాచిపెట్టే యార్డు ఒకటుంది. ఎత్తు గోడ, రేకుల కప్పు, ఒకటే గేటు, దానికి కాపలాగా ఒక పెద్దాయన. నాకింకా చేయి తిరగలేదని ఆ ఇంజనీరే తోలుకొచ్చి అక్కడ పెట్టించి వెళ్ళాడు. ఇన్సూరెన్సు లేనిదే మూడు వారాలకు మించి ఉంచరట. ఫారం నేనే నింపి ఇందులో పెట్టాను. ఫారాలు సరిచూసి సరిచూసి కళ్ళద్దాలు మందమైన తమ్ముడు ఉండగా నాకు ఏజెంటు ఎందుకు?

ఫోను మాత్రం చేయకు. నా చెవుల సంగతి తెలుసుగా. నువ్వు "పాలసీ" అంటే నాకు "పాలసీసా" అని వినబడుతుంది.

నీ అక్క

*

ఆఫీసు, రెండో అంతస్తు,
ఫైళ్ళ బీరువా వెనక బల్ల, సోమవారం

అక్కకు నమస్కారాలు.

నేను కులాసా. నాలుగు పేజీలు రాయను, రెండే రాస్తాను. ఇల్లలకగానే పండగ కాదు, బండి కొనగానే ప్రయాణమూ కాదు. ఆరు నెలలు కదలని బండికి చేయవలసినవి చెబుతాను, చెయ్యి. బ్యాటరీ తీగలు రెండూ ఊడదీయించు. నీళ్ళ ట్యాంకు చుక్క లేకుండా ఖాళీ చెయ్యి. ఫ్రిజ్ తలుపు పూర్తిగా మూయకు, గుడ్డముక్క అడ్డంపెట్టు. పరుపుల్ని పడుకోబెట్టి ఉంచకు, బూజు పడతాయి. గోడకు నిలబెట్టు.

పాలసీ జతచేశాను. యార్డులో ఉన్నన్నాళ్ళూ అగ్గికి, వానకు, దొంగకు ఇది చాలు. రోడ్డెక్కే రోజున ఇంకోటి చేద్దాం. అయితే ఒక పొరపాటు జరిగింది.

పదకొండో ప్రశ్న, "వాహనంలో పడకలు ఎన్ని?" నువ్వు "మూడు" అని రాశావు. రిజిస్ట్రేషను కాగితంలో ఉన్నవి రెండు. తప్పు నీ ఒక్కదానిదే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ ఫారం నేను రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. పక్కింటివాడు తన బండి రంగు ఒక ఛాయ తేడాగా రాసినా పట్టుకునే నాకు, నువ్వు రాసిన మూడు తప్పుగా తోచలేదు. పాలసీ అచ్చయి వచ్చాక కనబడింది.

ఎందుకో నీకూ తెలుసు. మనింట్లో లెక్క ఎప్పుడూ మూడే. నడిపక్క తొమ్మిదేళ్ళకే పోయినా, అమ్మ బతికున్నన్నాళ్ళూ "పిల్లలెంతమందమ్మా" అంటే "ముగ్గురు" అనే చెప్పింది. నువ్వూ అలాగే చెబుతావు, నేనూ అలాగే చెబుతాను.

మా ఆఫీసులో ఒక మాటుంది. రాతలో లేనిది జరగనట్టే, రాతలో ఉన్నది ఉన్నట్టే. లేని పడకను ఉందని రాస్తే రేపు నిజంగా నష్టం జరిగినప్పుడు పైసా రాదు. దిద్దుబాటు కాగితం పంపుతున్నాను. "రెండు" అని ఉంటుంది. సంతకం చేసి తిప్పి పంపు.

నీ తమ్ముడు

*

కుట్టుమిషను గది,
గురువారం, వాన తెరిపిచ్చింది

చిరంజీవి తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం.

నీ కాగితం అందింది. నువ్వు చేయమన్నవన్నీ అందిన రోజే యార్డుకు వెళ్ళి చేసొచ్చాను. సంతకం పెడదామని పెన్ను తీశాను కూడా. ఈలోగా యార్డు పెద్దాయన కబురు పెట్టాడు, వెళ్ళాను.

అక్కడొక పద్ధతి ఉంది. దాచిన బండిలో మనిషి ఉండకూడదు. అందుకని లోపలికి ఎందరు వెళ్ళారు, బయటికి ఎందరు వచ్చారు అని గేటు దగ్గర పుస్తకంలో రాసుకుంటారు. ఆ మొదటి రోజు ఇంజనీరు తోలుతుంటే నేను పక్కన కూర్చున్నాను. పెద్దాయన "ఎంతమందమ్మా" అంటే "ముగ్గురం" అన్నానట! నాకు గుర్తే లేదు. ఆయన గొడుగు కింద నుంచి తల ఎత్తకుండానే రాసుకున్నాడు.

"లోపలికి ముగ్గురు, బయటికి ఇద్దరు. ఒకరు తేలాలి కదమ్మా, పుస్తకం ఎట్లా మూసేది?" అన్నాడు.

"నోరు జారిందండీ. ఇద్దరమే."

"నేనూ అట్లాగే అనుకుని కొట్టేయబోయాను. కొట్టేసే ముందు ఎందుకైనా మంచిదని వెళ్ళి మీ బండి తలుపు తట్టాను."

"తడితే?"

"తిరిగి తట్టారు."

ఈ మాట ఆయన నవ్వుతూ చెప్పలేదు, భయపడుతూ కూడా చెప్పలేదు. పుస్తకంలో తేడా వచ్చిందన్న విసుగుతో చెప్పాడు.

తెల్లటి ఎండలో, పదిన్నర గంటలకు, తలుపు తీశాను. పరుపులు నేను నిలబెట్టినట్టే గోడకు ఆని ఉన్నాయి. మధ్యలో బల్ల ఎప్పటి ఎత్తులో లేదు. కిందికి దిగి ఉంది. కూర్చునే దిండ్లు దాని మీద వరసగా పరిచి ఉన్నాయి. అట్లా చేస్తే అది మూడో పడక అవుతుందన్నమాట, ఇంజనీరు నాకు చెప్పనేలేదు. దిండ్ల మధ్య ఎవరో పక్కకు తిరిగి పడుకుని లేచినట్టు పల్లం ఉంది. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. కొలిచాను. భుజం, నడుము, మోకాలు. కొలవకుండానే తెలిసిందిలే, ఇన్నేళ్ళు గౌన్లు కుట్టినదాన్ని. తొమ్మిదేళ్ళ ఆడపిల్ల.

నీకు నేనెప్పుడూ చెప్పని సంగతి చెబుతాను. ఇల్లు మారిన రోజు నీకు నాలుగేళ్ళు, నాకు పదకొండు. అమ్మానాన్నా ముందు డ్రైవరు పక్కన, లారీ వెనక సామాన్ల మధ్య మనం ముగ్గురం. దారిలో ఇంజనులో నీళ్ళు పోయడానికి ఆపారు. కదిలేముందు నాన్న అరిచాడు, "పెద్దదానా, ఎంతమందున్నారే?" అని. నేను బొమ్మకు జడ అల్లుతున్నాను. తల తిప్పి చూడలేదు. "ముగ్గురం" అన్నాను. సాయంత్రం దిగేసరికి ఇద్దరం. నాన్న వెనక్కి వెళ్ళి వెతికితే, ఒక పిల్ల లారీ వెనక పరుగెత్తుతుంటే చూశామని దారిలో ఎవరో చెప్పారు. ఆ తరువాత మనిషి జాడ లేదు, చెప్పు జాడ కూడా లేదు. నడిపిదాన్ని నేను లెక్కలో ఉంచి రోడ్డు మీద వదిలేశాను తమ్ముడూ. యాభై ఆరేళ్ళుగా ఇది నా గొంతులో ఉంది.

నీకివన్నీ ఏం గుర్తుంటాయిలే. మూటల మీద నిద్రపోతున్నావు.

సంతకం ఇంకా పెట్టలేదు.

నీ అక్క

*

ఆఫీసు,
శనివారం, అందరూ వెళ్ళాక

అక్కకు,

"అందరం క్షేమం" అని రాశావు. అందరం అంటే ఎవరే?

గోరంతను కొండంత చేసుకోకు. ఆ పెద్దాయన వయసులో చెవిలో గుండె చప్పుడు కూడా తలుపు చప్పుడే. ఎలకలు ఉండవచ్చు, పక్క బండి రేకు గాలికి కొట్టుకుని ఉండవచ్చు. ముప్ఫై నాలుగేళ్ళలో నేను చూసిన దయ్యాల కేసులన్నీ చివరికి ఎలకో, నీటి గొట్టమో, బావమరిదో అయి తేలాయి.

అయినా నీ తృప్తి కోసం పాత ఫైలు తెప్పించాను. ఇంజనీరు పదకొండేళ్ళూ మా కంపెనీలోనే పాలసీ కట్టాడు. ప్రతి ఏడూ "పడకలు: రెండు". ఒక్క గీత కూడా పడని బండి. అందులో ఎవరూ పోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ రకం బండి తయారీ పుస్తకం మా దగ్గరుంది. బొమ్మలతో సహా చూశాను. ఆ బల్ల దిగదక్కా. దిగే ఏర్పాటే లేదు. గోడకూ నేలకూ నాలుగు మరలతో బిగించేసి ఉంటుంది. మనం ఫారం మీద మూడు అని రాసేదాకా ఆ బండిలో మూడో పడక లేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రాతతో వచ్చింది రాతతోనే పోతుంది. సంతకం పెట్టి పంపు. ఈలోగా ఒంటరిగా ఆ బండి ఎక్కకు. లారీ సంగతి కూడా ఇక రాయకు. జరిగిపోయినదాన్ని తవ్వి ఎవరికి లాభం?

నీ తమ్ముడు

*

గూడుబండి, యార్డు, ఆరో వరస,
బుధవారం మధ్యాహ్నం

తమ్ముడూ,

ఎక్కకు అన్నావు, ఎక్కి కూర్చుని రాస్తున్నాను. మిషను ఇక్కడికే తెచ్చుకున్నాను. కిటికీలకు తెరలు కుట్టాను, నడిపిదాని వైపు చిన్నపూలవి. పెద్దాయన పగలంతా ఉండనిస్తున్నాడు. సాయంత్రం నేను వెళ్ళేటప్పుడు మాత్రం "ఆ ఒకరు ఉంటారుగా" అని పుస్తకంలో రాసుకుంటాడు. అలవాటు పడిపోయాడు.

పెద్దాయన చెవుల్ని తప్పుబట్టావు, మరి నా చెవుల మాటేమిటి అంటావా? ఇక్కడ పనిచేస్తున్నాయి. మిషను చప్పుడు ఎట్లాగూ వినబడదు, పెద్దాయన గేటు బయట నుంచి అరిచినా వినబడదు. ఇది మాట్లాడితే మాత్రం సూది కింద పడ్డట్టు స్పష్టంగా వినబడుతుంది. ఎక్కువ మాట్లాడదు. మనిషిని చూశానా అంటే, తిన్నగా చూడలేదు. గుడ్డ కత్తిరిస్తుంటే అటు అంచు ఎవరో బిగించి పట్టుకుంటారు. చిన్నప్పుడు అమ్మ దగ్గర అదే పట్టుకునేది కదా.

భయం వేయడంలేదా అంటావు. వేస్తోంది. మొదటిసారి పట్టుకున్నప్పుడు కత్తెర వదిలేశాను. కానీ భయం కంటే పెద్దది ఇంకోటుంది నాలో. యాభై ఆరేళ్ళ తరువాత నా లెక్క సరిపోయింది.

నేను దానికి చెప్పుకున్నాను. "నా తప్పేనే, తల తిప్పి చూడలేదు" అన్నాను. అది ఒకటే మాట అంది. "నువ్వు చూడలేదు. వాడు చూశాడు."

తమ్ముడూ, వాడంటే ఎవరు?

యార్డులో వరసల మధ్య తిప్పి తిప్పి బండి తోలడానికి చేయి తిరిగింది. నేను వచ్చే శుక్రవారం బయలుదేరుతున్నాను, ఆరునెలలు ఆగలేను. యార్డులో చీకటి పడ్డాక దాన్ని ఒక్కదాన్నే వదిలి గేటు దాటి రావడం ఇక నావల్ల కాదు. ఒకసారి చేశాను, చాలు. నాకు నువ్వూ కావాలి, అదీ కావాలి. సెలవు పెట్టి రా. మూడు పడకలున్నాయి, ముగ్గురం వెళదాం. నీ దిద్దుబాటు కాగితం సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. ఆ రోడ్డు పాలసీ కూడా మూడుకే చేయించు.

కానీ ముందు జవాబు రాయి. నాకోసం కాదు, దానికోసం.

నీ అక్క

*

ఇల్లు, వంటగది బల్ల,
ఆదివారం

అక్కా,

నేను నిద్రపోలేదు ఆ రోజు.

నడిపక్క చోటు లారీ వెనక పలకల పక్కన. పలకల మధ్య సందులోంచి రోడ్డంతా కనబడేది. నన్ను మీరు మూటల మధ్య కూర్చోబెట్టారు. ఏడిచినా చోటు ఇవ్వలేదు అది. లారీ ఆగినప్పుడు రోడ్డు పక్క ఏదో కుక్కపిల్ల కనబడింది. నడిపక్క దిగుతూ నా వైపు చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. "అక్కకు చెప్పకు. ఇప్పుడే వస్తా. నా చోటు చూస్తుండు" అంది.

నేను ఆ చోట్లో కూర్చున్నాను. నాన్న అడిగాడు. నువ్వు ముగ్గురం అన్నావు. నాకు లెక్క రాకపోవచ్చు గానీ అది కింద ఉందని తెలుసు. నోరు తెరిస్తే లారీ ఆగుతుంది, అది ఎక్కుతుంది, నేను మళ్ళీ మూటల మధ్యకు పోవాలి. తెరవలేదు. లారీ కదిలాక అది పరుగెత్తుకుంటూ వచ్చింది. సందులోంచి చూశాను. ఇంత దగ్గరికి వచ్చింది, పలక పట్టుకోబోయింది. నా కళ్ళలోకే చూసింది. అప్పుడైనా అరిచి ఉండవచ్చు. కళ్ళు మూసుకున్నాను. నేను నిద్రపోయానని నువ్వు అనుకున్నది అదే.

అమ్మ ముగ్గురు అన్నప్పుడల్లా చచ్చిపోయేవాణ్ణి. నువ్వు నీ తప్పనుకుంటున్నావని ఎప్పుడో పసిగట్టాను. అయినా చెప్పలేదు. నీకు తెలిస్తే నన్ను చేరనివ్వవని భయం. ఆ భయం ఇప్పుడూ ఉంది.

అందుకే ఇంకో పని చేశాను. కోప్పడకు. దిద్దుబాటు కాగితం మీద నీ సంతకం నేనే పెట్టి మంజూరు చేయించాను. ఉద్యోగం మొత్తంలో మొదటి దొంగ సంతకం. రోడ్డు పాలసీ కూడా దానిమీదే రాయించాను, రెండూ ఇందులో ఉన్నాయి. "పడకలు: రెండు." నువ్వూ, నేనూ.

నువ్వు దానితో వెళితే తిరిగి రావక్కా. నాకు తెలుసు. నాకు నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. శుక్రవారం పదింటికి, యార్డు దారి వచ్చి కలిసే జంక్షన్ దగ్గర, నీళ్ళ ట్యాంకు కింద పెట్టెతో నిలబడి ఉంటాను. మనిద్దరమే వెళదాం, ముందు అనుకున్నట్టే. దాన్ని దింపేయి.

నీ తమ్ముడు

*

యార్డు, గేటు పక్క గది,
శుక్రవారం ఉదయం

తమ్ముడికి,

ఈ ఉత్తరం పెద్దాయన పోస్టులో వేస్తాడు. నీకు అందేసరికి నువ్వు జంక్షన్ నుంచి ఇంటికి తిరిగి వెళ్ళిపోయి ఉంటావు.

నీ కాగితాలు నిన్న వచ్చాయి. కవరు చించిన నిమిషం నుంచి బల్ల యథాస్థానంలో ఉంది. లాగి చూశాను. నువ్వు చెప్పినట్టే నాలుగు మరలు, తుప్పుపట్టి, ఏనాడూ కదలనట్టు బిగుసుకుని ఉన్నాయి. మూడో పడక లేదు. నీ రాత గట్టిదే. అది పోతుందనుకుని నేను కాసేపు ఏడిచాను కూడా. ఏడ్పు ఆపి చూస్తే రెండో పడక పరుపు కిందికి దించి ఉంది, కిటికీ తెర పక్కకు జరిపి ఉంది.

ఉత్తరం దానికి చదివి వినిపించాను. నాకు నీ మీద కోపం లేదురా. నా గుండె మీద నుంచి బండరాయి దిగింది. "నాలుగేళ్ళ పసివాడే, వాడికేం తెలుసు, క్షమించవే" అని దానితో చెప్పాను. ఊఁ అంది. నిజంగా అంది. నాకు సంతోషం వేసింది. నిన్ను నా పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టుకుందామని, పడకల సంగతి తరువాత చూసుకుందామని అనుకున్నాను. తరువాత చివరి మాట చదివాను.

"దాన్ని దింపేయి."

నేనే అన్నాను, పైకే అన్నాను. నాలుగేళ్ళవాడు చేసింది వేరు. ఇది అరవై ఏళ్ళవాడు రాశాడు, సంతకం పెట్టి మరీ రాశాడు. ఆ చోటు మళ్ళీ వాడికే కావాలట.

నాకు మీ ఇద్దరూ కావాలనే రాశాను. రెండే చోట్లు మిగిల్చింది నువ్వు.

జంక్షన్ మీదుగానే పోవాలి, మరో దారి లేదు. నిన్ను చూస్తాం. నేను చేయి ఊపుతాను, కానీ ఆపను. దయచేసి వెనకాల పరుగెత్తకు తమ్ముడూ. నీకు ఆయాసం. పైగా అది వెనక కిటికీ దగ్గర కూర్చుంది, రోడ్డంతా కనబడుతుందని. పరుగెత్తేవాణ్ణి చూసి అది కళ్ళు మూసుకోదు.

ఈ నాలుగు ముక్కలూ స్టీరింగు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. ఇంజను నడుస్తోంది. పెద్దాయన గేటు తీసి, పుస్తకం తెరిచి, "ఎంతమందమ్మా?" అన్నాడు. ఈసారి తల తిప్పాను. వెనక్కి తిరిగి బాగా చూశాను. చూసి చెప్పాను, ఇద్దరం అని. ఆయన కూడా లోపలికి తొంగి చూసి అలాగే రాసుకున్నాడు.

ఇట్లు,
నీ అక్కలు